నీలి కొండల మీద మా కార్ల తిరునాళ్ళు

రెండు సీట్ల కారు కొన్నవాణ్ణి లోకం అడిగే మొదటి ప్రశ్న "మరి పిల్లలెక్కడ కూర్చుంటారండీ?" అని. మా పిల్లలు రెక్కలొచ్చి చదువులకు ఎగిరిపోయిన తర్వాతనే నేను కారు కొన్నాను గనక ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగాను. "మరి పులిహోర గిన్నె ఎక్కడ పెడతారు?" అని మా శ్రీమతి అడిగిన ప్రశ్నకు మాత్రం ఇవాళ్టికీ నా దగ్గర జవాబు లేదు. మాది మాజ్డా మియాటా, ఎర్రది, పాతది. పైకప్పు వెనక్కి మడిస్తే ఆకాశమంతా మనదే. సామాను పెట్టుకునే చోటు మాత్రం రెండు చేతిసంచులతో నిండిపోతుంది.

మేముండేది అమెరికాలో, ఉత్తర కరొలైనా రాష్ట్రంలో. ఆ చుట్టుపక్కల ఇలాంటి స్పోర్ట్స్ కార్లున్నవాళ్ళం పదకొండు మందిమి ఒక జట్టుగా పోగయ్యాం. ముగ్గురం తెలుగువాళ్ళం, తక్కినవాళ్ళు అక్కడివాళ్ళే. 2023 అక్టోబరులో ఆకులు రంగులు మారే వేళకు అందరం కలిసి బ్లూరిడ్జ్ పార్క్‌వే మీద ఒక రోజు ప్రయాణం చెయ్యాలని తీర్మానమైంది. ఏర్పాట్లు నా నెత్తిన పడ్డాయి. కారణం మరేమీ కాదు. సంతకు వెళ్ళినా జాబితా రాసుకు వెళ్ళే అలవాటు నాది.

ఆ రోడ్డు సంగతి ముందు చెప్పాలి. వర్జీనియాలోని షెనండోవా జాతీయవనం నుంచి గ్రేట్ స్మోకీ పర్వతాల దాకా, కొండల వెన్నెముక మీదుగా 469 మైళ్ళు, అంటే సుమారు 755 కిలోమీటర్లు సాగుతుంది. దేశంలో నిరుద్యోగం తాండవిస్తున్న రోజుల్లో, జనానికి పని కల్పించినట్టూ వుంటుంది, విహారానికి దారి ఏర్పడినట్టూ వుంటుందని 1935 సెప్టెంబరులో మొదలుపెట్టారు. స్టాన్లీ ఆబట్ అనే యువకుడు ఉద్యానవనం తీర్చినట్టు ఆ రోడ్డును తీర్చాడు. సరుకుల లారీలు రాకూడదు. వ్యాపార ప్రకటనల బోర్డులు వుండవు. సుంకం లేదు. వేగం మాత్రం గంటకు 45 మైళ్ళు మించరాదు. కొన్నిచోట్ల అంతకన్నా తక్కువే. గంటకు నూటయాభై మైళ్ళు పోగల కార్లు వేసుకుని నలభైఅయిదు మైళ్ళ రోడ్డుకు వెళ్ళడమేమిటని మీరు నవ్వవచ్చు. ఈ కార్ల సుఖం తిన్నటి రోడ్డు మీద వేగంలో లేదండీ, మలుపులో వుంది. మలుపు మలుపుకూ కారు మన మనసు తెలిసినట్టు ఒదిగి తిరుగుతుంటే, ముప్పయ్యయిదు మైళ్ళ వేగమే పండగలా వుంటుంది.

నేను వారం రోజులు కూర్చుని పథకం వేశాను. పార్క్‌వే పొడవునా మైలురాళ్ళున్నాయి గనక ఆ పని సులువే. 217వ మైలు దగ్గర, ఈ రోడ్డుకు మొట్టమొదట పలుగు వేసిన కంబర్లండ్ నాబ్ వద్ద ఎక్కడం. 304వ మైలు దగ్గర లిన్‌కోవ్ వంతెన దాటి ఆగడం. మొత్తం 87 మైళ్ళు. పటం చూసి రెండు గంటల దారి అనుకుంటే పొరపాటే. మలుపులూ, మంచూ, ఆగి చూసే చోట్లూ కలుపుకుంటే అయిదు గంటలు పడుతుంది. పార్క్‌వే మీద పెట్రోలు బంకు ఒక్కటి లేదు. అంచేత మౌంట్ ఎయిరీ అనే ఊళ్ళో అందరూ ట్యాంకు నిండా పోయించుకోవాలి. కొండల్లో సెల్ ఫోను పలకదు. అంచేత ముందు, మధ్య, వెనక మూడు కార్లలో చేతి రేడియోలు. ఆగే చోట్ల పదకొండు కార్లకు జాగా వుంటుందా లేదా అని ఒక ఆదివారం నేనూ మా ఆవిడా వెళ్ళి చూసి వచ్చాం కూడా.

ఇక కార్ల వరస. ఇక్కడే నా తెలివి చూపించాను. వెనకనుంచి హడావుడి పడకుండా కొత్తవీ, బలమైనవీ ముందు. నెమ్మది బండ్లు వెనక. అందరికన్నా వెనక 1972 నాటి ట్రయంఫ్ టి.ఆర్. 6. ఇంగ్లండులో తయారైన ఆరు సిలిండర్ల కారు, ముదురాకుపచ్చ రంగు. దాని యజమాని డెబ్బయ్యెనిమిదేళ్ళ పెద్దాయన. ఒక్కరే వస్తారు. ఆయన వెనక కాపలాకు కొత్త పోర్షే కొన్న మన తెలుగు కుర్రవాడొకణ్ణి నియమించాను. జాబితా అచ్చు తీసి చూసుకుని, సేనాధిపతిలా మురిసిపోయాను.

పొద్దున్నే మౌంట్ ఎయిరీలో కలుసుకున్నాం. తెల్లని గ్రానైటు గనికి పేరుపడ్డ ఊరు అది. కాఫీలయ్యాక కొండ ఎక్కాం. ఏం చెప్పను! పసుపూ కుంకుమా కలిపి చల్లినట్టుంది అడవి. మేపుల్ చెట్లు నారింజపండు రంగులో, సోర్‌వుడ్ చెట్లు పండుమిరప రంగులో నిలబడ్డాయి. వాటి వెనక వరసమీద వరసగా కొండలు, దూరం పోయినకొద్దీ లేత నీలం. చెట్లు విడిచే ఆవిరులు గాలిలో కలిసి వెలుతురును చెదరగొట్టడం వల్ల ఆ నీలివర్ణం వస్తుందట. ఆ కొండల పేరులోనే నీలం వుంది.

238వ మైలు దగ్గర బ్రినెగర్ అనే రైతుకుటుంబం నివసించిన దుంగల ఇల్లు చూశాం. ఆ ఇంట్లో మగ్గం వుంది. మా శ్రీమతి గుమ్మంలో నిలబడి "మా అమ్మమ్మగారి ఊళ్ళో సాలెవాళ్ళ ఇంటికి వచ్చినట్టుందండీ" అంది. అక్కణ్ణుంచి బయల్దేరాక మంచు కమ్మింది. దూదిలాంటి మంచు. దీపాలు వేసుకుని మెల్లగా నడిపాం. అంటే, ముందున్న మేము మెల్లగా నడిపామనుకున్నాం.

260వ మైలు దగ్గర, జంపినాఫ్ రాక్స్ అనే చోట ఆగి కార్లు లెక్కపెట్టాను. పది. మళ్ళీ లెక్కపెట్టాను. పదే. పోర్షే కుర్రవాడు వచ్చాడు గాని ఆకుపచ్చ కారు లేదు.

"ఆయన దారిచ్చి, పొమ్మని చెయ్యి ఊపారు అంకుల్. వెనకే వస్తారనుకున్నాను" అన్నాడు. వాడి ముఖం పాలిపోయింది.

పది నిమిషాలు చూశాం. ఇరవై నిమిషాలు చూశాం. రేడియో ఆయన దగ్గర లేదు. వున్నా కొండ అడ్డమైతే అది పలకదు. రోడ్డు పక్క ఎక్కడ చూసినా లోయే. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు భయం వేసింది. తక్కినవాళ్ళను అక్కడే వుండమని, నేనూ ఆ కుర్రవాడూ వెనక్కి తిరిగాం. ప్రతి మలుపులోనూ రోడ్డు అంచు విరిగివుందేమోనని చూస్తూ నడిపాను. ఆ ఏడు మైళ్ళు నాకు డెబ్బయి మైళ్ళయ్యాయి.

ఒక చూపురు దగ్గర, ముందు రేకు ఎత్తిపెట్టి, ఆయన రాతిగోడ మీద కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతున్నారు. ఇంజను వేడెక్కింది. కారు నుంచి ఇంకా సన్నగా ఆవిరి లేస్తోంది.

"మీరెందుకు వచ్చారు? కుర్రవాణ్ణి ఏమీ అనకండి, నేనే పొమ్మన్నాను" అన్నారాయన. "మీ వెనక కార్లను అందుకోవాలని ఎత్తులో కాస్త గట్టిగా తొక్కాను. దీనికి వయసైంది, నాకూ అయింది. చల్లారాక ఇంటికి పోతాను. ఇది అమ్మేద్దామని ప్రకటన కూడా రాసిపెట్టుకున్నాను లెండి. మీ పండగ పాడుచెయ్యడమెందుకు?"

నాకు తల కొట్టేసినట్టయింది. ముందు కారు నలభైలో పోతే చివరి కారూ నలభైలోనే పోతుందని నేను లెక్కవేశాను. అది తప్పు. ఆగిన ప్రతిచోటా ముందువాడు ముందు కదులుతాడు; ఒక్కొక్క కారుకూ నాలుగేసి క్షణాలు ఎడం పెరుగుతుంది; ఆ ఎడం పూడ్చుకోవడానికి చివరివాడు యాభై, యాభైఅయిదు తొక్కాల్సి వస్తుంది. అంటే అందరికన్నా నీరసమైన బండిని అందరికన్నా వేగంగా తోలించానన్నమాట!

అప్పుడు మా తాతయ్య గుర్తుకు వచ్చాడు. చిన్నప్పుడు శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు మా ఊరినుంచి బండ్లు బారుగా కట్టుకుని వెళ్ళేవాళ్ళం. ఒంగోలు గిత్తలు కట్టినవాళ్ళు ముందు పోతామని పోటీ పడేవారు. తాతయ్య ఒప్పుకునేవాడు కాదు. ముసలి ఎడ్ల బండిని తెచ్చి ముందు పెట్టించేవాడు. కుర్రకారు సణిగితే "గిత్తలకు నెమ్మదిగా నడవడం వచ్చురా, ముసలి ఎడ్లకు పరుగెత్తడం రాదు" అనేవాడు. చివరి బండి ఇరుసు కింద లాంతరు వేలాడగట్టి, దాన్ని తానే తోలేవాడు. ఇంత చదువూ చదివి, ఇన్ని జాబితాలు రాసి, నేను ఆ ఒక్కటీ మరిచాను.

ఇంజను చల్లారేదాకా కూర్చున్నాం. వేడిగా వుండగా రేడియేటరు మూత తియ్యకూడదు. మరిగిన నీళ్ళు ముఖాన చిమ్ముతాయి. చల్లారాక నీళ్ళు పోశాం. ఎత్తు ఎక్కేటప్పుడు కారులో వేడిగాలి మీట పూర్తిగా తెరిచి వుంచితే ఇంజను వేడి కొంత ఇటు లాగేస్తుందని ఆయనే చెప్పారు. "కాళ్ళు కాలతాయి, కారు బతుకుతుంది" అని నవ్వారు. నేను వరస మార్చాను: ముందు నేను, నా వెనకనే ఆయన. నా వేగం ఆయన అద్దంలో కాదు, ఆయన వేగం నా అద్దంలో. పోర్షే కుర్రవాడు అడగకుండానే అందరికన్నా వెనక నిలబడ్డాడు. "ఈసారి ఎవరు చెయ్యి ఊపినా దాటను అంకుల్" అన్నాడు.

ఇక ప్రతివాడికీ ఒకటే సూత్రం చెప్పాను: ముందు కారును పట్టుకోవడం నీ పని కాదు, వెనక కారును పోగొట్టుకోకపోవడమే నీ పని. అద్దంలో వెనకవాడు కనబడకపోతే నెమ్మదించు. మలుపు తిరిగే చోటైతే ఆగు. నీవాగితే నీ ముందువాడు ఆగుతాడు. అలా కబురు రేడియో లేకుండానే నా దాకా వస్తుంది.

ప్రైస్ చెరువు దగ్గర మధ్యాహ్న భోజనం ఒంటిగంటకని పథకం, మూడయింది. పులిహోర గిన్నె దారి పొడవునా మా శ్రీమతి ఒళ్ళోనే ప్రయాణం చేసిందని వేరే చెప్పనక్కర్లేదు. పెద్దాయన రెండుసార్లు వడ్డించుకుని, ఆవాలు ఏమిటని అడిగి తెలుసుకున్నారు.

సాయంత్రపు ఎండలో లిన్‌కోవ్ వంతెన చేరాం. గ్రాండ్‌ఫాదర్ పర్వతాన్ని ఆనుకుని, పాము మెలిక తిరిగినట్టు 1,243 అడుగుల వంతెన. కొండను తొలిచి రోడ్డు వేస్తే రాళ్ళూ చెట్లూ నాశనమవుతాయని, గాలిలోనే కట్టారు. 153 కాంక్రీటు తునకలు. పూర్తయిన తునక మీద నిలబడి, దాని ముందు తరువాతి తునక అతికిస్తూ పోయారు. రాళ్ళ రంగులో కలిసిపోవాలని కాంక్రీటులో ఐరన్ ఆక్సైడు కలిపారు. 1987లో ఇది తెరిచాకనే, మొదలుపెట్టిన యాభైరెండేళ్ళకు, పార్క్‌వే పూర్తయింది.

వంతెన దాటి ఆగాక పెద్దాయన చాలాసేపు వెనక్కి చూస్తూ నిలబడ్డారు. "పెళ్ళయిన కొత్తలో ఈ కారులోనే ఇక్కడికి వచ్చేవాళ్ళం. అప్పుడు ఇక్కడ రోడ్డు లేదు. కిందికి దిగి, 221వ నంబరు రోడ్డు మీద కొండ చుట్టి పోవాలి. 'ఇది మన హయాంలో పూర్తవుతుందా?' అని మా ఆవిడ ప్రతిసారీ అడిగేది. పూర్తయింది. ఇద్దరం కలిసి దాటాం కూడా. ఆమె పోయి మూడేళ్ళయింది. ఆ తర్వాత నేను రాలేదు. ఇవాళ పొద్దున వెనక్కి పోయివుంటే మళ్ళీ వచ్చేవాణ్ణి కాను" అన్నారు.

నేను ఏమీ అనలేకపోయాను. మా శ్రీమతి మాత్రం మిగిలిన పులిహోర డబ్బాలో పెట్టి ఆయన పక్క సీటులో వుంచింది.

మరుసటి ఏడు, 2024 సెప్టెంబరులో, హెలీన్ తుఫాను ఆ కొండల మీద విరుచుకుపడింది. కొండచరియలు జారి, వేలాది చెట్లు కూలి, పార్క్‌వే మొత్తం కొన్నాళ్ళు మూసేశారు. తర్వాత భాగాలు భాగాలుగా తెరుస్తూ వచ్చారు. అంచేత మీలో ఎవరైనా అటు వెళ్ళదలిస్తే, బయల్దేరే ముందు రోజు ఏ మైలు నుంచి ఏ మైలు దాకా తెరిచివుందో పార్కువారి పటంలో చూసుకుని మరీ కదలండి. ఎప్పుడూ వుండే రోడ్డేగదా, వచ్చే ఏడు పోదామని మాత్రం అనుకోకండి.

తుఫాను వార్త విన్న రోజు పెద్దాయనకు ఫోను చేశాను. వంతెన ఎలా వుందోనని ఆయన నన్నడిగారు. కారు అమ్మేశారా అని నేనాయన్నడిగాను.

"ప్రకటన ఇంకా సొరుగులోనే వుంది. మళ్ళీ ఎప్పుడు వెళ్ళినా ఆ రెండో చోటు ఇంకెవరికీ ఇవ్వకండి" అన్నారు.

జాబితా తీసి, నా పేరు కిందనే ఆయన పేరు రాసుకున్నాను.