పనిముట్టూ పనితనమూ

తాటియాకుపై గంటంతో రాసిన నాటి లేఖకునికి ప్రతి అక్షరమూ తన చేతి శ్రమే. నేడు హైదరాబాదులోని హైటెక్ సిటీలో కంప్యూటర్ మీటలపై ప్రోగ్రాములు రాసే యువతీయువకులు కూడా ఒక విధమైన లేఖకులే. వారి సాధనాలు రెండు రకాలు. కేవలం రాసుకొని దిద్దుకోవడానికి పనికివచ్చే తేలికపాటి ఎడిటర్ మొదటిది. రాయడం, యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చడం, నడిపి చూడడం, తప్పులు వెదకడం అనే పనులన్నింటినీ ఒకేచోట సమకూర్చేది రెండవది. దానినే ఐ.డి.ఇ. అంటారు. ఈ రెండింటిలో ఏది మేలు?

రెండూ అవసరంలోనుండి పుట్టినవే. 1976లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ ‘వీఐ’ అనే ఎడిటర్‌ను రూపొందించాడు. నాడు కంప్యూటర్‌తో సంబంధం నెమ్మదిగా నడిచే తీగల మీదనే. అందుకే కొద్ది మీటలతో ఎక్కువ పని జరిగేలా దానిని తీర్చిదిద్దాడు. 1987లో వచ్చిన టర్బో సి అన్ని పనులనూ ఒకే తెరపైకి తెచ్చింది. దాని నీలిరంగు తెర మన కళాశాలల ప్రయోగశాలల్లో ఎన్నో ఏళ్లు వెలిగింది. 1998 నవంబరు 22న నాటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తరువాత విస్తరించిన ఈ ప్రాంతంలో, 2001లో వెలువడిన ఎక్లిప్స్ వంటి సాధనాలు జావా నేర్చేవారికి నిత్యసహచరులైనాయి.

నల్లగొండ జిల్లా నుండి వచ్చిన ఒక యువకుడు అమీర్‌పేటలో అటువంటి సాధనంపైనే జావా నేర్చి, మాదాపూర్‌లో ఉద్యోగం సంపాదించాడు. ఇల్లంతా అతని జీతం మీదే ఆశ పెట్టుకొంది. ఉద్యోగం ఇంకా స్థిరపడలేదు. ఒకనాటి రాత్రి ఒక సర్వర్ ఆగిపోయింది. దూరాన ఉన్న ఆ యంత్రంలో అతనికి అలవాటైన బొమ్మలు, బటన్లు లేవు. నల్లని తెర మీద వీఐ ఒక్కటే దిక్కు. మార్చవలసింది ఒకే పంక్తి. ఏ మీట నొక్కినా కోరిన అక్షరం పడలేదు. బయటికి వచ్చే దారీ తోచలేదు. అతని వేళ్లు వణికాయి. పక్కబల్ల సీనియర్ వచ్చి, ‘ఐ’ నొక్కి పంక్తిని దిద్దింది. ఎస్కేప్ మీట నొక్కి, కోలన్ పెట్టి, ‘డబ్ల్యూ క్యూ’ కొట్టి భద్రపరచింది.

“అక్కా, ఇంత చిన్న పని నాకు చేతకాలేదే!” అన్నాడతను.

“తమ్ముడూ, ఇన్నాళ్లూ సగం పని నీ సాధనమే చేసింది. ఆ సగమేమిటో నువ్వూ తెలుసుకో” అన్నదామె.

నాటినుండి అతడు గదిలో మామూలు ఎడిటర్‌లో చిన్న ప్రోగ్రాములు రాసి, ‘జావాసి’ అనే ఆజ్ఞను స్వయంగా ఇచ్చి, కంప్యూటర్ చూపే దోషాలను చదివి దిద్దుకోసాగాడు. బటన్ వెనుక జరిగే పని అవగతమైంది.

అయితే అతడు ఐ.డి.ఇ.ని విడిచిపెట్టలేదు. వేలాది ఫైళ్లున్న ప్రాజెక్టులో ఒక పేరు మార్చవలసి వస్తే, అది వాడిన ప్రతి చోటునూ ఆ సాధనం క్షణాల్లో పట్టి ఇస్తుంది. నడుస్తున్న ప్రోగ్రామును పంక్తి పంక్తికీ ఆపి చూపుతుంది. అంతటి పనిని చేతితో చేయబూనడం అవివేకం. హైదరాబాదు పబ్లిక్ స్కూల్ పూర్వవిద్యార్థి సత్య నాదెళ్ల 2014లో సారథ్యం చేపట్టిన మైక్రోసాఫ్ట్ సంస్థ, 2015లో విజువల్ స్టూడియో కోడ్‌ను వెలువరించింది. తేలికగా మొదలై, కావలసిన సదుపాయాలను ఒక్కొక్కటిగా చేర్చుకొనే ఆ ఎడిటర్ ఈ రెండింటికీ నడుమ వేసిన వంతెన.

క్షేమేంద్రుడు కావ్యవిచారంలో ఔచిత్యానికి పెద్దపీట వేశాడు. పనిముట్ల విషయంలోనూ ఔచిత్యమే ప్రమాణం. నేర్చుకొనే దశలో సాదా సాధనం గురువు; పెద్ద పనిలో సమగ్ర సాధనం సహాయకుడు. కృత్రిమ మేధ పంక్తులకు పంక్తులే రాసి ఇస్తున్న ఈ కాలంలో ఈ వివేకం మరింత అవసరం.

కొన్ని నెలలకు మరొక రాత్రి సర్వర్ ఆగిపోయింది. ఆ యువకుడు నల్లని తెర ముందు కూర్చున్నాడు. ఈసారి అతని వేళ్లు వణకలేదు.