పెన్ స్టేట్ అభిమానుల కడుపుమంట

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు పెన్ స్టేట్ అభిమానుల కోపం ఊరికే రాలేదు. 2025 జనవరిలో ఆరెంజ్ బౌల్ సెమీఫైనల్. నోటర్ డామ్‌తో స్కోరు 24-24. ఆఖరి నిమిషంలో, జట్టు ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ డ్రూ అల్లర్ బంతిని నేరుగా ప్రత్యర్థి చేతుల్లోకి విసిరాడు. జట్టు 27-24తో ఓడింది. సెప్టెంబరులో ఆరెగాన్ మీద, రెండో ఓవర్‌టైమ్‌లో, మళ్లీ అదే తంతు.

"కోచ్‌ను పీకేయండి" అని సొంత స్టేడియమే అరిచింది.

తర్వాత, అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా గెలవని యూసీఎల్‌ఏ చేతిలో పరాభవం. అక్టోబరు 11న సొంతగడ్డపై నార్త్‌వెస్టర్న్ 22-21తో ముంచింది. అల్లర్ గాయపడి సీజన్‌కే దూరమయ్యాడు. మర్నాడే, 104 విజయాలు తెచ్చిన కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను సాగనంపారు.

అభిమానులూ, లక్షల డాలర్ల జీతం తీసుకున్న కోచ్‌ను ఎంతైనా తిట్టండి. అప్పటికి 21 ఏళ్లే ఉన్న ఆ కుర్రాడిని మాత్రం వదిలేయండి.