నాన్న గోబర్ గ్యాసు

మొన్న ఫోన్లో నాన్న అడిగారు, "గేదెలు రెండే మిగిలాయిరా. గుంటలో కోళ్ళఫారం పెంట కలపొచ్చా?" అని. 2 ఘనపు మీటర్ల గోబర్ గ్యాసు ప్లాంటుకి రోజూ 50 కిలోల పేడ పడాలి మరి. ట్రాక్టరొచ్చాక ఎడ్లెక్కడివి?

ఇక్కడ ఆస్ట్రేలియాలో పశువులకేం కొదవ! కాకపోతే ఎక్కువ భాగం బీళ్ళలోనే తిరుగుతాయి, ఆ పేడ ఎత్తేదెవరు? షెడ్లలో ఉండే పందుల పెంటైతే కడిగితే ఒకచోటికి చేరుతుంది. బల్లారట్ దగ్గర బెర్రీబ్యాంక్ ఫార్మ్ వాళ్ళు 1990ల తొలినాళ్ళలోనే దాంతో కరెంటు తీశారు.

కలపండి గానీ కొంచెం కొంచెంగా, అన్నాను. కోళ్ళపెంటలో నత్రజని ఎక్కువ; అమ్మోనియా పెరిగితే గ్యాసు పుట్టించే సూక్ష్మజీవులు పడకేస్తాయి. నీళ్ళు ఎక్కువ పొయ్యాలి. ఊక కలిసిందైతే వద్దు, పైన తెట్టు కడుతుంది.

"సర్లే, మీ అమ్మ సిలిండరు బుక్ చెయ్యమంటోంది. ఓ నెల ఆగమంటాను" అన్నారు.