ఓరయ్య భోజనక్రమము

మన తెలుగువారిలో ప్రేమకును వడ్డనకును నడుమ గీత గీయుట కష్టము. చాలునని చేయి అడ్డము పెట్టిన అతిథి వ్రేళ్ళ సందునుండి మరియొక గరిటె నేయి జారవిడిచిననే గాని తృప్తి నొందని గృహిణులును, మనుమడు తిన్నదానిని విడిచి తినక వదలినదానినే లెక్కించి దుఃఖించు తాతలును గల జాతి మనది. సముద్రములు దాటి వచ్చి, వాషింగ్టన్ రాష్ట్రమున సియాటిల్ నగరమునకు ఉత్తరముగా నున్న బాతెల్ పట్టణమున కాపురము పెట్టినను ఈ గుణము మమ్ము విడిచిపోలేదు. అట్టి ఇంటికి నలుపు తెలుపు రంగుల డచ్ జాతి కుందేలొకటి వచ్చి చేరినప్పుడు మా వడ్డనధర్మమునకు పెద్ద చిక్కు వచ్చిపడినది. ఏలయనగా మనము ముచ్చటపడి పెట్టదలచునది చాలవరకు దానికి అపథ్యము. మనము చులకనగా చూచునదే దానికి పథ్యము.

మా అమ్మాయి దానికి పెట్టిన పేరు ఓరియో. నల్లని బిస్కత్తుల నడుమ తెల్లని మీగడ పూసిన ఆ తినుబండారమునకు దీని ఒంటిరంగులకు పోలిక ఉన్నమాట నిజమే. వేసవి మాతో గడుపుటకు తెనాలి దాపు పల్లెనుండి వచ్చిన మా అమ్మకు ఆ పేరు నోరు తిరుగకనో, తిరిగియు రుచింపకనో, వచ్చిన రెండవనాటికే అది ఓరయ్య అయి కూర్చున్నది. ఓరయ్య ముందరి గడ్డిగంపను చూచి ఆమె మొగము చిన్నబుచ్చుకొని, “ఇదేం చోద్యంరా! ఇంటినిండా పళ్ళూ కూరలూ మూలుగుతుంటే నోరులేని జీవానికి ఎండుగడ్డి పడేస్తారా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?” అని నన్ను నిలదీసినది. ఆమెకు నేను చెప్పుకొనిన సంజాయిషీయే ఈ వ్యాసమున అధికభాగము.

మొట్టమొదట గడ్డి సంగతి తేల్చుకొనవలసి వచ్చినది. మన పల్లెలలో ఎండుగడ్డి యనగా వరిగడ్డి; ధాన్యము నూర్చిన పిదప మిగిలిన కాడ. సారమంతయు గింజలోనికి పోగా మిగిలిన ఆ కాడను మాత్రమే వేసినచో కుందేలు చిక్కి శల్యమగును. ఇక్కడ వేయునది అది గాదు. టిమోతి యను పచ్చికను, కంకి తొడిగియు గింజ ముదురకమునుపే కోసి, ఆకుపచ్చదనము చెడకుండ ఎండబెట్టి కట్టలు కట్టుదురు. ఐరోపానుండి వచ్చిన ఈ పచ్చికకు, 18వ శతాబ్దమున దానిని అమెరికాలో ప్రచారము చేసిన టిమోతి హాన్సన్ అను రైతు పేరే నిలిచిపోయినది. పెద్ద కుందేలు తినుదానిలో నూటికి ఎనుబది పాళ్ళో, అంతకు మించియో ఈ గడ్డియే కావలెను. దాని దేహమంత పరిమాణము గల మోపు ప్రతిదినమును దాని ముందర నుండవలెను. పగలుగాని రాత్రిగాని గంప ఖాళీ కారాదు. మన విస్తరిలో వలె చూచినచో గడ్డి దానికి అన్నము, పచ్చని ఆకులు కూర, అంగడిలో అమ్ము గుళికలు ఊరగాయ, పండు పండుగనాటి బూరె. ఊరగాయతో కడుపు నింపుకొనువాని గతి యేమగునో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

గడ్డిమీద ఇంత పట్టుదల యెందులకనగా, కుందేలు నోట నున్న 28 పళ్ళును బ్రతికినన్నినాళ్ళును పెరుగుచునే యుండును. ముందరి కొరుకుడుపళ్ళు వారమునకు సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగును. పైవరుస ముందరిపళ్ళ వెనుక మరియొక చిన్న జత దాగియుండుట మొదలగు భేదములు చూచి, 1912లో గిడ్లీ యను శాస్త్రజ్ఞుడు కుందేళ్ళను ఎలుకల వర్గమునుండి వేరుచేసి ప్రత్యేక వర్గముగా నిలిపెను. గడ్డిలో ఇసుకజాతికి చెందిన సిలికా కణము లుండును. దానిని గంటల తరబడి, దవడను ప్రక్కలకు త్రిప్పుచు నమలుటచేతనే పెరిగిన పన్ను పెరిగినట్లు అరిగిపోవును. మెత్తని తిండికి మరగిన కుందేలు దంతములు అరుగక, దవడపళ్ళ అంచులు ములుకులు దేరి, నాలుకను బుగ్గలను కోయును. అటుపిమ్మట ఆకలియున్నను అది నోరు కదల్పజాలదు.

కడుపు సంగతి ఇంతకంటె విచిత్రము. గడ్డిలోని ముతకపీచు జీర్ణము గాకయే ప్రేగులను కదలించుచు, గుండ్రని పొడి పెంటికలై బయటికి పోవును. సన్నని భాగము మాత్రము వెనుకకు మరలి అంధనాళ మను పెద్ద సంచిలో చేరి, అచ్చటి సూక్ష్మజీవులచేత పులియబెట్టబడి, మెత్తని జిగురుముద్దలై వెలువడును. వీనిని కుందేలు నేలమీద పడనీయక మలద్వారముననే నోటితో అందుకొని మ్రింగును. బి విటమినులు, కె విటమిను, సూక్ష్మజీవులు కూర్చిన మాంసకృత్తులు దానికి ఇట్లు రెండవ పర్యాయమున దక్కును. 1882లో మొరో అను ఫ్రెంచి పశువైద్యుడు దీనిని వర్ణించి వ్రాసెను. ఈ ముచ్చట నేను జంకుచు జంకుచు చెప్పగా, మడీ ఆచారమూ గల మా అమ్మ చీదరించుకొనునని తలచితిని గాని, ఆమె ఒక నిమిషము ఆలోచించి, “ఆవు నెమరేస్తే లేని తప్పు దీనికెందుకురా? దాని వంట దానిది” అని తీర్పు చెప్పినది. పశువుల నడుమ పెరిగినవారికిని పుస్తకములు చదివి నేర్చినవారికిని గల అంతరము అది. ఆ వంట చెడగొట్టునవి పిండిపదార్థములును తీపియును. అవి అధికమైనచో అంధనాళములోని మంచి సూక్ష్మజీవుల పొందిక చెడి, విషముల నుత్పత్తి చేయు జాతులు పెచ్చు పెరుగును. రొట్టెముక్క, బిస్కత్తు, అటుకులు, ఉడికిన శనగలు, ఏవియు దానికి పెట్టదగవనుట ఇందుచేతనే.

ఆ వేసవిలోనే మేము కాస్కేడ్ పర్వతములు దాటి ఎలెన్స్‌బర్గ్ పోయితిమి. మేమున్న పడమటివైపు వాన యెక్కువ, చెట్టు దట్టము. గడ్డి కోసిన ఎండునన్న నమ్మకము లేదు. స్నోక్వాల్మీ కనుమ దాటి తూర్పునకు దిగినకొలది దేవదారు వృక్షములు పలుచబడి, ఆకాశము విశాలమై, కిట్టిటాస్ లోయ యెదుట పరచుకొనును. కొండలమీది మంచు కరగి యాకిమా నదిలో చేరగా, ఆ నీటిని కాలువలగుండ మళ్ళించి టిమోతి పండింతురు. గాలిమరలు నిలుపదగినంత గాలి ఆ లోయలో ఎల్లప్పుడును వీచుచుండును. కోసి పరచిన గడ్డి ఆ పొడిగాలికి చక్కగా ఎండును. అచ్చటి గడ్డిలో పెద్దభాగము ఓడలనెక్కి జపాను మొదలగు దేశములలోని పందెపు గుర్రములకును పాడిపశువులకును పోవును. గుర్రములు తిను గడ్డినే మా ఓరయ్య తినుచున్నాడని విన్నంతనే మా అమ్మ దృష్టిలో వాని అంతస్తు కొంత పెరిగినది.

ఒక రైతు కొట్టములో కట్టలు చూపించుచుండగా, ఆమె అడుగకయే ముందుకు పోయి, ఒక కట్టనుండి పిడికెడు లాగి, మెలిపెట్టి చూచి, వాసన చూచి, ప్రక్కకు నెట్టినది. “ఇది కోశాక వానకు తడిసింది. రంగు చూడు, వాసన చూడు. ఇది వద్దు.” రెండవ కట్టలో చేయి లోతుగా దూర్చి, లోపల వెచ్చదన మేమైన నున్నదేమోనని తడవి చూచినది. తడి ఆరక కట్టిన గడ్డి లోలోపల వేడెక్కి బూజుపట్టుననియు, ఒక్కొక్కప్పుడు తనంతట తానే అంటుకొనుననియు గడ్డివాములు వేసిన ఇంటివారికి వేరుగ నేర్పవలెనా! నేను తర్జుమా చేసి చెప్పగా ఆ రైతు టోపీ వెనుకకు నెట్టుకొని, తడిసిన మాట నిజమేనని నవ్వుచు ఒప్పుకొనెను. అతడు చూపిన మొదటికోత గడ్డిలో కాడ యెక్కువ, పీచు యెక్కువ. అది పళ్ళకు మంచిది. రెండవకోతలో ఆకు యెక్కువ, మెత్తన. కుందేలు దానిని ఇష్టముగా తినును. రెండును కొని కలిపి వేయుటకు నిశ్చయించితిమి. నాటినుండి ఓరయ్యకు గడ్డి “పడేయుట” మా ఇంట మానిపోయినది. మా అమ్మ దానిని విదిలించి, దుమ్ము దులిపి “పెట్టుట” ఆరంభించినది.

మన పశుసంవర్ధకశాఖవారు లూసర్న్ అనియు ఇక్కడివారు అల్ఫాల్ఫా అనియు పిలుచు పైరొకటి కలదు. అది గడ్డికంటె బలమైనది, మాంసకృత్తులును సున్నపుధాతువును అధికము. ఆరేడు మాసముల లోపు ఎదుగుచున్న పిల్లకు మేలే గాని పెద్దదానికి తగదు. ఇతర జంతువులు తమకు కావలసినంత సున్నమునే రక్తములోనికి గ్రహింపగా, కుందేలు తిన్నదానిలో అధికభాగమును గ్రహించి, మిగిలినదానిని మూత్రముగుండ విసర్జించును. అది మితిమీరినచో మూత్రాశయమున మడ్డియు రాళ్ళును ఏర్పడును.

ఆకుల విషయమున మాత్రము తెలుగిల్లు కుందేలునకు కొంత అనుకూలమనియే చెప్పవలెను. కొత్తిమీర, పుదీన, ముల్లంగి ఆకు, ఇవన్నియు ఓరయ్యకు ప్రియమైనవి. రెండు కిలోల కుందేలునకు దినమునకు రెండు కప్పుల ఆకు, రెండుమూడు రకములు మార్చి మార్చి చాలును. క్రొత్త ఆకును ఒక్కొక్కటిగానే అలవాటు చేయవలెను. పాలకూరలో ఆక్సాలిక్ ఆమ్లము అధికము గనుక అప్పుడప్పుడు మాత్రమే. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, అవకాడో దరికి రానీయరాదు. మా అమ్మ ఏర్పాటు ప్రకారము కొత్తిమీర ఆకు మా పచ్చడికి, కాడలు ఓరయ్యకు. దేశీ అంగడిలో కొత్తిమీర ధర ఎరిగినవారు ఈ ఏర్పాటును మెచ్చుకొందురు.

ఇక కారట్టు. మా ఇంటికి వచ్చు బంధుమిత్రులలో కారట్టు చేతబట్టక ఓరయ్యను పలుకరించువారు అరుదు. 1940లో తెరకెక్కిన బగ్స్ బన్నీ యను బొమ్మకుందేలు కారట్టు నములుచు మాటలాడుటయే ఈ నమ్మకమునకు చాలవరకు మూలము. 1934నాటి ఒక చలనచిత్రములో క్లార్క్ గేబుల్ అను నటుడు కారట్టు నములుచు మాటలాడిన తీరునకు అది వెక్కిరింపని ఆ బొమ్మలు గీసినవారే చెప్పుకొనిరి. నటునికి చేసిన పరిహాసము కుందేళ్ళజాతికి పథ్యమై కూర్చున్నది! కారట్టులో తీపి యెక్కువ. బొటనవ్రేలంత ముక్క, అదియు ఎప్పుడైన ఒకనాడు. అరటిపండును అంతే. ఇంత చెప్పినను, తాము పట్టిన కుందేటికి మూడే కాళ్ళనువారు మా మిత్రులలో లేకపోలేదు. వారు వచ్చిననాడు ఓరయ్యను లోపలిగదికి పంపుట తప్ప మాకు గత్యంతరము లేదు.

అంగడులలో రంగురంగుల గింజలు, ఎండుపండ్లు కలిపి అమ్ము మిశ్రమము లింకను హానికరములు. అందులో తీపిగల ముక్కల నేరుకొని తక్కినవి కుందేలు వదలివేయును. ఇట్టి మిశ్రమములు తిను కుందేళ్ళు గడ్డి తక్కువ తినుననియు, లావెక్కుననియు, పళ్ళు చెడుననియు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమువారి పరిశోధనలో తేలినది. పెరుగుచుక్కలని మరియొకటి అమ్ముదురు. పెద్ద కుందేలునకు పాలు పెరుగులతో పనియే లేదు. ఇట్టివానిమీద ముద్దులొలుకు కుందేలుబొమ్మ ముద్రించి అమ్ముట నా దృష్టిలో మోసము. గుళికలు కొనదలచినచో అన్నియు ఒకే తీరున ఉండునవి, పీచు నూటికి పదునెనిమిది పాళ్ళకు తగ్గనివి కొని, దినమునకు పావు కప్పునకు మించక వేయవలెను. నీరు సీసాగొట్టమునుండి చుక్కచుక్కగా పీల్చుకొనుటకంటె గిన్నెలో పెట్టిననే అది తృప్తిగా త్రాగును.

పెరటిలోని గరికను పెట్టవచ్చునా యని కొందరు అడుగుదురు. మందులు చల్లని నేలదైనచో పెట్టవచ్చును గాని, యంత్రముతో కోసిన పచ్చికతుక్కు వెంటనే పులియును గనుక తగదు. కుందేళ్ళకు ప్రాణాంతకమైన రక్తస్రావవ్యాధి వైరస్ 2019లో ఈ రాష్ట్రపు సాన్ హువాన్ దీవులలోను కనబడినది. అది గడ్డిమీద చిరకాలము నిలువగలది. అడవికుందేళ్ళు తిరుగు తావులలో ఆకు కోయక, టీకా వేయించుట శ్రేయస్కరము.

మిగిలినది ఒక్కటి, ముఖ్యమైనది. లంఖణము పరమౌషధమని మనము నమ్మినవారము. ఏకాదశినాడు పస్తుండి మరునాడు తేలికగా లేచు అలవాటు గలవారము. కుందేలునకు లంఖణము పనికిరాదు. అది వాంతి చేసికొనలేదు. తినుట మానినంతనే ప్రేగుల కదలిక నిలిచి, లోన వాయువు చేరి, కాలేయము క్రొవ్వుపట్టి చెడును. శస్త్రచికిత్సకు ముందు కుక్కలను పస్తుంచు వైద్యులు కుందేలును పస్తుంచరు. కావున, నూతనముగా కుందేలును తెచ్చుకొనదలచిన తెలుగు సోదరీసోదరులారా, రాత్రి వేసిన గడ్డి తెల్లవారునప్పటికి ముట్టకుండ నున్నను, పెంటికలు చిన్నవై కొలదియైనను, “సాయంత్రానికి అదే తింటుందిలే” అని ఊరకుండకుడు. పన్నెండు గంటలు గడువకమునుపే వైద్యుని యొద్దకు కొనిపొండు. కుక్కలను పిల్లులను చూచు వైద్యులందరును కుందేళ్ళను చూడరు. మీ ఊరిలో చూచువారెవరో, రాత్రివేళ తెరచియుండు ఆసుపత్రి యేదో, కుందేలు మీ గడప త్రొక్కుటకు ముందే కనుగొని వ్రాసి ఉంచుకొనుడు.