కారు మెరుపు, కడిగే చెయ్యి

మేడ్చల్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి పక్కన డెంటింగ్, పెయింటింగ్ షెడ్లు, వాటర్ సర్వీసింగ్ సెంటర్లు, ఏసీ డీటెయిలింగ్ స్టూడియోలు కనిపిస్తాయి. ఔటర్ రింగ్ రోడ్డెక్కి శామీర్‌పేటలో దిగి రాజీవ్ రహదారి పట్టుకున్నా అవే. కారుకు గ్లాసీ మేలా, మ్యాట్ మేలా అని ఈ షెడ్లలో అడిగితే ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. నేను చూసినంతలో ఈ ప్రశ్న తేలేది షోరూమ్‌లో కాదు, కారు కడిగే చోట.

రంగు ఏదైనా తేడా అంతా పైనుండే క్లియర్ కోట్‌దే. గ్లాసీ పూత నునుపుగా ఆరి వెలుతురును అద్దంలా తిప్పికొడుతుంది. మ్యాట్ పూతలో సిలికా లాంటి సన్నని పొడి కలిపి ఉంటుంది. ఆరాక కంటికి కనిపించనంత గరుకు మిగిలి వెలుతురు చెదిరిపోతుంది. పాలిష్ పట్టిన తాండూరు బండకూ పట్టనిదానికీ ఉన్న తేడా లాంటిదే ఇదీ. క్లియర్ కోట్ మందం సుమారు 40, 50 మైక్రాన్లు. గ్లాసీ మీద పైపై గీతలు పడితే మిషన్ రబ్బింగ్‌తో కొద్ది మైక్రాన్లు అరగదీస్తారు, మెరుపు తిరిగొస్తుంది. మ్యాట్‌కు అదే వైద్యం చేస్తే గరుకు అణిగి, అక్కడొక మెరిసే మచ్చ తేలుతుంది. అప్పుడు ఆ డోరో బానెట్టో మొత్తం మళ్లీ పెయింట్ చేయాల్సిందే. స్ప్రే గన్ ఒత్తిడి, పూత మందం, ఆరే వేగం, ఏ ఒక్కటి మారినా పక్క ప్యానెల్‌తో కలవదు. షెడ్డు పెయింటర్లు మ్యాట్ అనగానే వెనకాడేది అందుకే.

మ్యాట్ మీద దుమ్ము, సన్నగీతలు కనబడవు, గ్లాసీ నల్లకారు పొద్దున తుడిస్తే సాయంత్రానికి మాసిపోతుంది అంటారు. నిజమే, లారీల దుమ్ము రేగే ఈ దారుల్లో అది చిన్న మాట కాదు. కానీ కనబడనంత మాత్రాన దుమ్ము లేనట్టు కాదుగా. అపార్ట్‌మెంట్లలో తెల్లవారకముందే ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో వరసగా కార్లన్నీ తుడిచేస్తారు (నెల జీతానికి అంతకన్నా ఆశించడమూ అన్యాయమే). గుడ్డలో చిక్కిన ఇసుక గ్లాసీ మీద గీసే గీతలకు మందుంది. మ్యాట్ మీద అదే చోట పదేపదే రుద్దితే పడే మెరుపు మరకకు లేదు. బోరు నీళ్లలో ఉన్న సున్నం ఎండకు ఆరి తెల్ల చుక్కలుగా మిగులుతుంది, పక్షి రెట్ట పూతను తినేస్తుంది. వీటికీ గ్లాసీలోనే దిద్దుబాటు సులువు.

మరి 2023లో స్కోడా కుషాక్ లాంటి కార్లు మ్యాట్‌లోనూ వచ్చాయి కదా అంటే, వచ్చాయి. అయితే కంపెనీ పూసిన మ్యాట్‌కైనా పాలిష్, వ్యాక్స్ పనికిరావు. చేత్తో, మెత్తని షాంపూతో, నీడలో కడగాలి. సొంతంగా కడుక్కునే ఓపిక, పైకప్పున్న పార్కింగ్ ఉన్నవాళ్లకు నా అభ్యంతరమేమీ లేదు. ఆ రూపం అందమైనదే.

మిగతావాళ్లకు మ్యాట్ మీదే మనసుంటే పెయింట్ గ్లాసీలోనే ఉంచి, పైన మ్యాట్ పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) వేయించుకోవడం తెలివైన పని. 150 నుంచి 200 మైక్రాన్ల మందముండే ఆ ఫిల్మ్ పాడైతే ఆ ఒక్క ముక్క తీసి మార్చుకోవచ్చు, కింద అసలు రంగు చెక్కుచెదరదు. కారు రంగునే మార్చేసే ర్యాప్ మాత్రం వేరే సంగతి, ఆర్‌సీలో ఉన్న రంగుతో పొసగదు కాబట్టి రవాణా శాఖ దగ్గర ముందే తేల్చుకోవాలి. ఒళ్లంతా ఫిల్మ్ భారమనుకుంటే, హైవే రాళ్లు తగిలే బానెట్‌కు, ముందు బంపర్‌కు పారదర్శక గ్లాసీ ఫిల్మ్ చాలు.