పదకొండుగురిలో ప్రధానుడు

కావ్యం చదివిన ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది. ఇందులో ప్రధానమైన రసం ఏది? వీరం ఉండవచ్చు, కరుణ ఉండవచ్చు, శృంగారం ఉండవచ్చు. కాని వాటిలో ఒకటే అంగి, తక్కినవి అంగాలు. ఆ అంగి ఏదో తేల్చడానికి పద్యాలు లెక్కపెడితే చాలదు. మహాభారతంలో యుద్ధ పర్వాలు ఎంత విస్తారమైనవో మనకు తెలుసు. అయినా దాని అంగిరసం శాంతమని ఆనందవర్ధనుడు నిర్ణయించాడు. ఎక్కువ చోటు ఆక్రమించినదే ప్రధానం కానక్కరలేదన్నమాట. తరగతి గదిలో ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చిన ఈ సూత్రం నాకు అలంకారశాస్త్రంలో కంటె ఫుట్‌బాల్ వాదాల్లోనే ఎక్కువగా అక్కరకు వచ్చిందంటే పండితులు నవ్వుకోవచ్చు.

మా కళాశాలలో భౌతికశాస్త్రం బోధించే మిత్రుడొకరున్నారు. ఆయనకూ నాకూ ఉన్న ఉమ్మడి వ్యసనం స్పెయిన్ దేశపు బార్సెలోనా జట్టు. 2008 నుంచి 2012 వరకు పెప్ గార్డియోలా శిక్షణలో ఆ జట్టు ఆడిన ఆట మా ఇద్దరి నిద్రనూ ఎన్నో రాత్రులు హరించింది. 2009 అనే ఒక్క సంవత్సరంలో ఆ జట్టు ఆరు ట్రోఫీలు గెలుచుకుంది. దాని గొప్పతనం గురించి మాకు భేదాభిప్రాయం లేదు. ఆ పదకొండుగురిలో నిజమైన ఆధిపత్యం ఎవరిది అన్న దగ్గరే పేచీ మొదలవుతుంది.

ఆయన అంకెలను నమ్మే మనిషి. లియోనెల్ మెస్సీ 2011-12 సీజనులో ఆ జట్టు తరఫున 73 గోల్స్ చేశాడు. అందులో 50 లీగ్ పోటీల్లోనే. "ఇంతకంటె ఏం రుజువు కావాలి మాస్టారూ?" అంటారాయన. ఆ ఏడాది లీగ్ విజేత ఎవరని నేను అడుగుతాను. రియల్ మాడ్రిడ్. ఒక మనిషి అన్ని గోల్స్ చేసిన సంవత్సరంలోనే ఆ మనిషి జట్టు కిరీటం పోగొట్టుకుంది. మెస్సీ గొప్పవాడు కాడని కాదు. గోల్స్ పట్టిక మనం అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పదని మాత్రమే నేననేది.

తెలుగులో మనకు రెండు మాటలున్నాయి. ప్రాబల్యం ఒకటి, ప్రాధాన్యం ఒకటి. ప్రబలుడు తన బలంతో ఎదుటివాణ్ణి ఓడిస్తాడు. ప్రధానుడు తక్కినవారి పనికి ఆధారంగా నిలుస్తాడు. ఒక్కడే రెండూ కావచ్చు, కాకపోవచ్చు. నేటి పిల్లలు 'డామినెంట్' అన్న ఒకే మాటలో ఈ రెండింటినీ కలిపివేయడం వల్ల వాదం తెగదు.

ఆ జట్టు మధ్య మైదానంలో జావి అనే ఆటగాడుండేవాడు. పొడగరి కాడు, వేగం కలవాడు కాడు. కాని అతని తలను గమనించండి. బంతి తన వద్దకు రాకముందే ఆ తల కుడికీ ఎడమకూ, భుజం మీదుగా వెనక్కీ తిరుగుతూనే ఉంటుంది. ఎవరు ఎక్కడ నిలిచారో, ఎక్కడ ఖాళీ ఏర్పడబోతున్నదో అతనికి ముందే తెలుసు. అందుకే బంతి అందిన క్షణంలోనే దానిని పంపవలసిన చోటికి పంపివేస్తాడు. అతని పక్కన ఇనియెస్టా, వెనుక సెర్జియో బుస్కెట్స్. ఈ బుస్కెట్స్ ఆట ఇంకా నిగూఢం. ఎదుటి జట్టు ప్రమాదకరమైన దాడి మొదలుపెట్టబోయే చోట అతను ముందే నిలబడి ఉంటాడు కనుక ఆ దాడి పుట్టదు. పుట్టని దాడిని ఏ పట్టికలో రాస్తాం?

మా కళాశాల జట్టులో వెనుక వరుసలో ఆడే విద్యార్థి ఒకడు మా వాదం విని ఒకనాడు అడిగాడు. "సార్, గోలు కొట్టినవాడి పేరు పేపర్లో వేస్తారు. కొట్టనివ్వనివాడి పేరు ఎక్కడ వేస్తారు?" మా మిత్రుడు మౌనం వహించారు. ఆయన పట్టికలో ఆ గడి లేదు. ఆ పిల్లవాడి గొంతులో వినిపించినది వాదన కాదు, బాధ. ఆ తరువాత ఈ విషయాన్ని కాలక్షేపపు కబురుగా భావించలేకపోయాను.

అదృష్టవశాత్తు 2010లో దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రపంచకప్పు మా వివాదానికి ఒక ప్రయోగశాల అయింది. మెస్సీ తన అర్జెంటీనా జట్టుకు ఆడాడు. జావి, ఇనియెస్టా, బుస్కెట్స్ స్పెయిన్‌కు ఆడారు. జూలై 3న అర్జెంటీనా క్వార్టర్ ఫైనల్లో జర్మనీ చేతిలో 0-4 తేడాతో ఓడింది. ఆ పోటీల్లో మెస్సీ ఒక్క గోలూ చేయలేదు. నాలుగు రోజుల తరువాత సెమీఫైనల్లో అదే జర్మనీని స్పెయిన్ 1-0తో ఓడించింది. జావి కొట్టిన కార్నర్‌ను పుయోల్ తలతో గోలులోకి పంపాడు. పుయోల్ కూడ బార్సెలోనా వాడే. ఫైనల్లో ఇనియెస్టా చేసిన గోలుతో స్పెయిన్ కప్పు గెలిచింది. నేను విజయగర్వంతో మిత్రుని వైపు చూశాను.

ఆయన తగ్గలేదు. "స్పెయిన్ ఏడు మ్యాచుల్లో చేసిన గోల్స్ ఎన్ని? ఎనిమిది. నాకౌట్ దశలో నాలుగు మ్యాచులూ 1-0. వంటంతా సిద్ధం చేసి వడ్డించేవాడు లేక కూర్చున్నట్టుంది" అన్నారు. ఈ మాటకు బలం ఉంది. అదే మధ్య మైదానం ముందు మెస్సీ కూడ ఉన్నప్పుడు బార్సెలోనా గోల్స్ వర్షం కురిపించేది. ఆ ఏడాది ప్రపంచపు ఉత్తమ ఆటగాడిగా బాలన్ డి ఓర్ పురస్కారం మెస్సీకే దక్కింది. రెండవ స్థానం ఇనియెస్టాది, మూడవది జావిది. ముగ్గురూ బార్సెలోనా సొంత శిక్షణాలయంలో పెరిగినవారే. ఓటు వేసినవారు కూడ మా స్టాఫ్‌రూము వాదాన్నే వాదించుకొని ఉంటారు.

మెస్సీ వైపున నాకు నచ్చే సాక్ష్యం గోల్స్‌లో లేదు. 2009 మే 2న మాడ్రిడ్‌లో జరిగిన మ్యాచిలో గార్డియోలా అతణ్ణి కుడి అంచు నుంచి తెచ్చి మధ్యలో నిలిపాడు. అయితే అతను ముందువరుసలో ఉండక వెనక్కి, జావి దగ్గరికి దిగివచ్చేవాడు. మాడ్రిడ్ డిఫెండర్లకు ధర్మసంకటం. అతని వెంట పోతే వారి వెనుక ఖాళీ ఏర్పడి హెన్రీ చొరబడతాడు. పోకపోతే మధ్యలో బార్సెలోనాకు ఒక మనిషి అదనం. ఫలితం 6-2. ఇక 2010 నవంబరు 29న అదే రియల్ మాడ్రిడ్ మీద 5-0. ఆ ఐదింటిలో ఒక్కటీ మెస్సీది కాదు. అయినా ఆ రాత్రి ఎదుటి జట్టు నిలబడిన తీరంతా అతణ్ణి బట్టే ఏర్పడింది. విల్లా చేసిన రెండు గోల్స్‌కూ బంతి అందించినది అతనే. ఇది ప్రాధాన్యమే, ప్రాబల్యం మాత్రమే కాదు.

కనుక నా తీర్పు ఇది. ఎదుటి జట్టు ఎలా నిలబడాలో నిర్ణయించినవాడు మెస్సీ; సొంత జట్టు ఎలా ఆడాలో నిర్ణయించినవాడు జావి. జట్టుకు అంగి ఎవరని పట్టుబట్టి అడిగితే నేను జావి పేరే చెబుతాను. అతను 2015లోనూ ఇనియెస్టా 2018లోనూ వెళ్ళిపోయారు. 2020 ఆగస్టు 14న మెస్సీ ఉన్న బార్సెలోనాయే బేయర్న్ మ్యూనిక్ చేతిలో 2-8 తేడాతో ఓడింది. ఆ పరాభవానికి వేరే కారణాలూ ఉన్నాయి. అంతా జావి లేకపోవడమే అంటే అతిశయోక్తి అవుతుంది.

2022 డిసెంబరు 18న ఖతార్‌లో అర్జెంటీనా ప్రపంచకప్పు గెలిచింది. మెస్సీకి అప్పుడు 35 ఏళ్ళు. ఫైనల్లో రెండు గోల్స్, మొత్తం ఏడు. మిత్రుడు మరునాడు మిఠాయి పొట్లంతో వచ్చి, "జావి ఎక్కడ మాస్టారూ?" అని అడిగారు. మిఠాయి తిని సమాధానం చెప్పాను. ఆ మెస్సీని జాగ్రత్తగా చూడండి. అతను మైదానంలో చాలాసేపు నడుస్తూనే ఉన్నాడు. నడుస్తూ తల తిప్పి చూస్తున్నాడు. పరుగెత్తే పని పిన్నవయస్కులది. ఏ క్షణంలో బంతి ఎక్కడికి పోవాలో చెప్పే పని అతనిది. జావి పనిని కూడ అతనే చేస్తున్నాడు. ఆయన ఒప్పుకోలేదు.

2023 వేసవిలో మెస్సీ అమెరికాలోని మయామి జట్టుకు చేరాడు. అదే వేసవిలో బుస్కెట్స్ కూడ ఆ జట్టులోనే చేరాడు. పత్రికల్లో మెస్సీ బొమ్మ పెద్దగా వేశారు, రెండో వార్త కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. నేను ఆ చిన్న వార్తను కత్తిరించి, వెనుక వరుసలో ఆడిన ఆ విద్యార్థికి పంపాను.