కాలవగట్టు తోటసంఘం

పిల్లలూ! మీలో ఎంతమంది కడియం చూశారు? చూడనివారు ఒకసారి నాతో రండి. రాజమండ్రిలో బస్సెక్కి కడియపులంకలో దిగుదాము. దిగకముందే మీకు సంగతి తెలిసిపోతుంది. రోడ్డుకు అటూ ఇటూ మొక్కలే మొక్కలు! గులాబీలు, చేమంతులు, అంటుమామిళ్లు, పేరు తెలియని విదేశపు మొక్కలు, అన్నీ నల్లసంచులలో వరుసలు తీరి, బడిలో ప్రార్థనకు నిలబడిన పిల్లల్లాగా ఉంటాయి. ఇక్కడి నుంచి లారీలలో ఎక్కడెక్కడి రాష్ట్రాలకో పోతాయి.

అయితే నేను చూపించదలచినది కడియం కాదు. అక్కడికి కొద్ది దూరంలో ఉన్న మా ఊరి కాలవగట్టు. మా కాలవ ధవళేశ్వరం దగ్గర గోదావరి నుంచి వస్తుంది. అక్కడ కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852లో ముగించాడు. ఇప్పుడున్న బారేజి ఆ తరువాతి కాలంలో కట్టినది. ఆ నీటితోనే మా ఊరు వరి పండిస్తున్నది.

2014లో నేను ఆ ఊరి బడికి ప్రధానోపాధ్యాయుణ్ణి. ఆనాడు గట్టు మీద చెట్టంటూ లేదు. కాలవ నిండా గుర్రపుడెక్క. ఈ మొక్క మన దేశానిది కాదు, దక్షిణ అమెరికాది. ఊదారంగు పూలు అందంగా ఉన్నాయని ఎవరో ముచ్చటపడి తెచ్చుకుంటే ఊళ్లమీద పడింది. దాని కాడను కోసి చూడండి, లోపలంతా స్పంజిలాగా గాలి గదులుంటాయి. అందుకే మునగదు. అనుకూలించిందంటే రెండు వారాలలో రెట్టింపవుతుంది! అది నీటిని కప్పేస్తే లోపలికి వెలుతురు పోదు, చేపలకు ప్రాణవాయువు చాలదు, దోమలు మాత్రం సుఖంగా పెరుగుతాయి.

బడిలో మేము తోటసంఘం పెట్టాము. ముప్పయిమంది పిల్లలు, నలుగురైదుగురు తల్లిదండ్రులు, నేను. వనమహోత్సవం అంటే మీకు తెలుసు గదా? 1950లో కేంద్రమంత్రిగా ఉన్న కె. ఎం. మున్షీ గారు మొదలుపెట్టిన పండుగ అది. ఆ జూలైలో మేము కూడా ఘనంగా జరిపాము. కాలవగట్టున 100 మొక్కలు నాటాము. పెద్దలు వచ్చారు, ఫొటోలు తీశారు, అందరికీ మిఠాయి పంచాము. పక్కనే కాలవ ఉన్నది గదా, నీటికి లోటేమిటి అనుకున్నాను.

మా సీమలో వేసవి రాగానే కాలవలు కట్టేస్తారు. మరమ్మతులు చేసి, మళ్లీ జూన్‌లో నీరు వదులుతారు. ఇది నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే. అయినా మొక్కలు నాటేటప్పుడు ఒక్కసారి కూడా తట్టలేదు! బడికి సెలవులిచ్చారు, పిల్లలు అమ్మమ్మగారి ఊళ్లకు పోయారు, నేనూ పోయాను. జూన్‌లో వచ్చి లెక్కపెడితే 11 మొక్కలు మిగిలాయి. ఎండిన పుల్లల వరుస ముందు ఐదోతరగతి పాప ఒకతె నిలబడి, "మాస్టారూ, నా వేపమొక్క ఏదీ?" అని అడిగింది. నేను ఏదో చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

మళ్లీ 100 మొక్కలు తెద్దామని పిల్లలను వెంటబెట్టుకుని కడియపులంక వెళ్లాను. అక్కడ ఒక ముసలి నర్సరీ రైతు మా గోల అంతా విని, "వేసవిలో నీళ్లెవరు పోస్తారు మాస్టారూ?" అన్నాడు.

నేను పిల్లలవంక చూశాను, పిల్లలు నావంక చూశారు.

"అయితే ఇరవై పట్టుకెళ్లండి. అవి బతికితే అప్పుడు మళ్లీ రండి" అన్నాడాయన. డబ్బిస్తామన్నా అంతకుమించి ఇవ్వలేదు. ఆనాడు నాకు కొంచెం కోపం వచ్చినమాట నిజం.

వచ్చేముందు ఆయన పిల్లలను కూచోబెట్టి ఒక ఉపాయం చెప్పాడు. రంగు వేయని మట్టికుండ తెచ్చి, మొక్క పక్కన మెడదాకా పాతి, నీళ్లు పోసి మూతపెట్టాలి. కాల్చిన మట్టికి కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయి. చుట్టూ నేల ఎండితే కుండలో నీటిని మెల్లగా పీల్చుకుంటుంది. నేల తడిగా ఉంటే కుండ నీరు పెద్దగా వదలదు. అంటే ఎప్పుడు ఎంత కావాలో నేలే చూసుకుంటుందన్నమాట! మీ పెరట్లో మీరూ చేసి చూడవచ్చు. మూత మాత్రం మరవకండి, దోమలు గుడ్లు పెడతాయి.

ఆ ఇరవైలో కానుగలు, నేరేళ్లు, వేపలు ఉన్నాయి. కానుగ మా పిల్లలకు ఇష్టమైన చెట్టు. చిక్కుడుకు చుట్టం గనుక, దాని వేళ్ల మీది బుడిపెలలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు బలమిస్తాయి. పూర్వం రైతులు కానుగరొట్ట తొక్కి వరి నాటేవారు.

ఇక గుర్రపుడెక్క సంగతి. ఊళ్లో పెద్దవాళ్లు పొడవాటి వెదుళ్లకు కొక్కేలు కట్టి దాన్ని గట్టుకు లాగేవారు. పిల్లలను నీళ్ల దగ్గరకు రానివ్వలేదు. పూత పూయకముందే లాగాలి, ఎందుకంటే దాని విత్తనాలు బురదలో ఏళ్లతరబడి బతికి ఉంటాయి. లాగినదాన్ని ఎండబెట్టి, కొంత మొక్కల మొదళ్ల చుట్టూ మందంగా పరిచాము. నేలలో తడి ఆరకుండా అది దుప్పటిలాగా కాపాడింది. మిగిలినదాన్ని పేడ, మట్టి కలిపి గోతిలో వేస్తే నెలలు గడిచేసరికి నల్లని ఎరువైంది. కాలవను పాడుచేసిన మొక్కే గట్టుకు పనికివచ్చింది చూశారా!

వేసవిలో వంతులు వేసుకున్నాము. ఎవరు ఊరికి వెళితే వారి వంతు ఎవరు చేస్తారో బడిగోడ మీద సుద్దతో రాశాము. చెరువు నుంచి బిందెలతో మోత. 2016 జూన్ నాటికి ఇరవైలో 17 బతికాయి. ఆ పాప వేపమొక్క వాటిలో ఒకటి. ఈసారి మేము వెళితే ఆ రైతు ఏమీ అడగలేదు. యాభై మొక్కలు బండిలో పెట్టించాడు.

ఒకసారి తాటిటెంకలు కూడా పాతాము. తాడి వేళ్లు గట్టును గట్టిగా పట్టుకుంటాయి, దానికి కుండా బిందే అక్కరలేదు. భాద్రపదంలో 200 టెంకలు పాతాము. తాటిటెంక మొలిస్తే మొలక ముందు భూమిలోకి దిగుతుంది. అదే తేగ. సంక్రాంతి రోజులలో మా ఇంటికి ఎవరో కాల్చిన తేగల కట్ట పంపారు. కమ్మగా ఉన్నాయని నాలుగు తిన్నాను. మరునాడు గట్టు మీద చూద్దునుగదా, వరుసగా గోతులు! సంఘం కుర్రవాళ్లిద్దరు తలలు వంచుకుని వచ్చి, "మీకు కూడా పంపాం గదా మాస్టారూ" అన్నారు. ఏమని కోప్పడను? మరుసటి ఏడు తినడానికి వేరే తేగలపాతర వేశాము, గట్టు మీది వాటి జోలికి ఎవరూ పోలేదు.

ఆ తాళ్లు ఇప్పుడు నా నడుము ఎత్తున ఆకులు విప్పాయి. కాయడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. నేను 2019లో పదవీ విరమణ చేశాను గాని, సాయంత్రాలు గట్టుకు పోవడం మానలేదు. తొలినాటి నేరేళ్ల కింద ఇప్పుడు జూన్‌లో నేలంతా ఊదారంగు. ఆ వేప పాప కాలేజీలో చదువుతున్నది. సెలవులకు వస్తే ముందు గట్టుకు పోయి, తరువాత ఇంటికి పోతుంది.

గుర్రపుడెక్క మాత్రం పూర్తిగా పోలేదు. పైనుంచి కొట్టుకొస్తూనే ఉంటుంది, మేము లాగుతూనే ఉంటాము. మొన్నటి వానలకు మరో ముప్పయి మొక్కలు నాటాము. కుండలు ఇరవై రెండే ఉన్నాయి. ఏప్రిల్‌లో కాలవ కట్టేసేలోగా కుమ్మరి ఇంటికి వెళ్లి ఇంకో ఎనిమిది చేయించాలి.